అలలపై బెథనీ

పలకపైఁ బరుండి కడలిలోని కేగి, పెద్దయల రాఁగానే దానిపై నిలిచి తీరమునకు జాఱివచ్చుట హవాయి ద్వీపములలోఁ దరతరముల క్రీడ. 2003వ సంవత్సరము అక్టోబరు 31వ తేదీ యుదయమునఁ గవాయి ద్వీపమున బెథనీ హామిల్టన్ అను పదుమూఁడేండ్ల బాలిక యిట్లు పలకపైఁ బరుండి, యెడమచేయి నీటిలో వ్రేలాడవైచి యలకై వేచియుండెను. అంతలోఁ బులిచారల సొరచేప యొకటి యా చేతిని భుజమునకు దిగువగాఁ గొఱికివేసెను. చెలికత్తె తండ్రి పలకత్రాటితో గాయముపైన బిగించి రక్తస్రావము నరికట్టెను.

మనుష్యుఁడు సొరచేపకు సహజాహారము కాఁడు. క్రిందినుండి చూచునపుడు పలకయు, వ్రేలాడు కాలుసేతులును సముద్రపుఁ దాఁబేలువలెనో మఱియొక జంతువువలెనో తోఁచుటచే నది పొరపడునని శాస్త్రజ్ఞులు పలువురు తలంచుచున్నారు. కావుననే పెక్కుసారు లొక్క కాటుతో విడిచిపోవును. సంజవేళలను, కలఁకనీటను, చేఁపలగుంపు లున్నచోటను అపాయము హెచ్చు.

బెథనీ నెల తిరుగకమునుపే మరల నలల నెక్కెను. ఒంటిచేతికిఁ బట్టు దొరకునట్లు తండ్రి పలకకు పిడి యమర్చెను. 2005లో నామె అమెరికా జాతీయపుఁ బోటీలో గెలిచెను. పిమ్మట బిడ్డలతల్లియు నయ్యెను.

సోదరీమణులారా! దెబ్బతిన్న బిడ్డను గడప దాటనీయమి ప్రేమయే యని తోఁచును. ఆపదకుఁ గారణము తెలిపి, పిడి యమర్చి పంపుటయుఁ బ్రేమయే కదా!