ఇంటిగుట్టు – చేతిఫోను

ఇంటికి తలుపెంత అవసరమో గుట్టును అంతే అవసరమని మన పెద్దలెరుగుదురు. ఇంటిగుట్టు లంకకు చేటను సామెత ఊరక పుట్టినది కాదు. వచ్చినవారిలో ఎవరిని అరుగుమీదనే కూర్చుండబెట్టవలెనో, ఎవరికి వంటయింటివరకు చనువీయవలెనో నిర్ణయించు నేర్పు తరతరములుగా గృహిణులదే. అట్టి మనము నేడు ఊరు పేరు తెలియని వ్యాపారస్థులను అరచేత బెట్టుకొని పడకగదివరకు కొనిపోవుచున్నాము. మేము చెప్పుచున్నది చేతిఫోను సంగతియే.

ఫోను చెడ్డదని మా అభిప్రాయము కాదు. మిర్యాలగూడనుండి కోదాడకు పోవు త్రోవలోనున్న మా నేరేడుచర్ల చుట్టుపట్ల సాగరు ఎడమకాలువ నీటితో వరి పండించు పల్లెలే హెచ్చు. ధాన్యపు సొమ్ము బ్యాంకులో పడినదని తెలియుటయు, హైదరాబాదున చదువుచున్న బిడ్డ ముఖము చూచుటయు, బడినుండి కబురు వచ్చుటయు, గ్యాసుబండకు చెప్పుకొనుటయు అన్నియు ఫోనుమీదనే జరుగుచున్నవి. దానిని పారవేయుమనుట కత్తిపీట తెగునని వంటయింట నుంచవలదనుట వంటిది. మేము చెప్పదలచినది ఒక్కటే. ఒక్క వస్తువునకు ఇన్ని పనులప్పగించితిమి గనుకనే అది మనలను గూర్చి ఇన్ని సంగతు లెరిగినది. ఆ పనులను మరల విడదీసి, వేరువేరు వస్తువులకు పంచినచో దాని పెత్తనము తగ్గును, మన గుట్టు మనకు దక్కును.

రాజులు చారులను కన్నులుగా జేసికొని రాజ్యమేలిరని చదివియున్నాము. విరాటపర్వమునందు దుర్యోధనుడు దేశదేశములకు చారులను బంపినను, వారు పాండవుల జాడ గానక వట్టిచేతులతో మరలివచ్చిరి. ద్రౌపది సైరంధ్రియై ఆ యేడు గడపగలిగినది. ఆమె కొంగున నేటి ఫోనొకటి ముడివేసియున్నచో అజ్ఞాతవాస మొక్క పూటయైనను సాగెడిది కాదు.

అదెట్లనగా, ఫోను ఆకాశమునందలి ఉపగ్రహముల సంకేతములను బట్టియు, చుట్టునున్న వైఫైలను బట్టియు తానెచ్చటనున్నదో లెక్కగట్టుకొనును. మనము అనుమతి నొసగిన యాప్‌లు ఆ లెక్కను తమ యజమానులకు పంపగలవు. ఇదిగాక ఆండ్రాయిడ్ ఫోనులయందు ప్రకటనలకొరకే ఒక గుర్తింపుసంఖ్య యుండును. వేరువేరు యాప్‌లు చెప్పిన ముక్కలను ఆ సంఖ్య అను దారమున గ్రుచ్చి, ఇంట పసిబిడ్డ యున్నదా, పెండ్లి రానున్నదా, డబ్బునకు ఇబ్బందిగా నున్నదా అని ఊహింపవచ్చును. ఒకచోట చూచిన చీర మరియొకచోట ప్రకటనయై మన వెంటబడుటకు ఇట్టి గుర్తులే కారణము.

చీరల ప్రకటనలతోనే పోయినచో నవ్వి యూరకుండవచ్చును. కాని 2020 డిసెంబరులో మన తెలంగాణమున బయటపడిన అప్పుల యాప్‌ల సంగతి తలచుకొన్నచో నవ్వు రాదు. కరోనా దినములలో పనులు లేక, చేత పైకము లేక, కొన్నివేల రూపాయల కొరకు ఆ యాప్‌లను ఫోనులో వేసికొన్నవారు అనేకులు. వేసికొనునప్పుడే అవి ఫోనులోని పేర్ల పట్టికను, ఫోటోలను చూచుటకు అనుమతి యడిగెను. అవసరములో నున్నవారు సరేయని నొక్కిరి. గడువు దాటినంతనే, అప్పు తీసికొన్న వారినిమాత్రమే గాక పట్టికలోనున్న బంధువులను, స్నేహితులను, పనిచేయుచోటి పెద్దలను పిలిచి, వీరు మోసగాండ్రని చాటిరి. ఫోటోలను వికృతముగా మార్చి పదిమందికి పంపిరి. ఆ అవమానము సహింపజాలక ప్రాణములు తీసికొన్నవారును గలరు. హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు కేసులు పెట్టి, హైదరాబాదుననే గాక గురుగ్రామమునను, బెంగుళూరునను ఈ పని జరుపుచున్న కాల్‌సెంటర్లను పట్టుకొనిరి.

ఇందు గమనింపదగిన విషయ మొకటి కలదు. అప్పు చేసినది ఒకరు, తిట్లు తిన్నది వారి పట్టికలోనున్న వారందరును. మన పేరు, మన సంఖ్య ఎందరి ఫోనులలో నున్నవో అందరి అజాగ్రత్తయు మనకు తగులును. మన అజాగ్రత్త వారికి తగులును. గుట్టనునది ఒక్కరి సొత్తు గాదు, ఇంటిదియు వాడదియు కూడ.

ప్రభుత్వమువారు ఊరకుండలేదు. 2017 ఆగస్టు 24వ తేదీన సుప్రీంకోర్టునందు తొమ్మండుగురు న్యాయమూర్తులు పుట్టస్వామిగారి వ్యాజ్యమున, స్వంత బ్రదుకును గోప్యముగా నుంచుకొనుట ప్రాథమికహక్కని ఏకగ్రీవముగా తీర్పు చెప్పిరి. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకువారు అప్పులిచ్చు యాప్‌లు పేర్ల పట్టికను, ఫోటోలను, పిలుపుల లెక్కను ముట్టరాదని విధించిరి. 2023లో గూగుల్ సంస్థయు తన దుకాణమునందలి అప్పుల యాప్‌లకు అట్టి నిషేధమునే పెట్టినది. ఆ యేటనే వ్యక్తుల వివరముల రక్షణకై పార్లమెంటు చట్టము చేసినది. అయినను చట్టము వీధిలోని కావలివాడు. లోపలి గడియ మనమే వేసికొనవలెను.

ఇక పనుల పంపకమునకు వత్తము. మొదటిది గడియారము. తెల్లవారి లేవగానే చేయి ఫోనుమీదికి పోవుటకు పెద్ద కారణము అలారమే. మ్రోగెడి గడియారము నొకదానిని తలాపున బెట్టుకొన్నచో, ఫోనును రాత్రి నడవలోనే విడిచి నిదురింపవచ్చును. తిథులకు, వ్రతములకు, పాలలెక్కకు గోడమీది క్యాలెండరు చాలును. ముఖ్యమైన ఫోనునంబర్లను ఒక నోటుపుస్తకమున వ్రాసి బీరువాలో నుంచవలెను. ఫోను పోయిననాడు ఆ పుస్తకమే దిక్కు. దాని నేయాపును చదువజాలదు.

పాటలకు, వార్తలకు రేడియో ఉన్నది. రేడియోపెట్టెకు చెప్పుటయే గాని వినుట తెలియదు. ఆకాశవాణిని ఎవరు పెట్టుకొన్నారో, ఎంతసేపు విన్నారో, ఏ పాటవద్ద కట్టివేసిరో ఆ పెట్టె ఎవరికిని చాటదు. అదే రేడియోను ఫోనులోని యాపుద్వారా విన్నచో ఈ గుణము పోవునని మరువరాదు.

రేడియో మాట వచ్చినది గనుక మన రాష్ట్రపు స్త్రీల ఘనకార్య మొకటి చెప్పవలసియున్నది. అప్పటి మెదకు జిల్లాలోనుండి నేడు సంగారెడ్డి జిల్లాలో చేరిన జహీరాబాదు ప్రాంతమున మాచ్‌నూరను పల్లె యున్నది. అచ్చటి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములలోని స్త్రీలు 2008 అక్టోబరు 15వ తేదీన 90.4 మెగాహెర్ట్‌జ్ మీద సంఘం రేడియోను ప్రారంభించిరి. సర్కారు అనుమతి రాకమునుపే వారు కార్యక్రమములను టేపులమీద నెక్కించి, సంఘపు కూడికలలో వినిపించుచుండిరి. పొలము పనిచేసికొను దళిత స్త్రీలే విత్తనములను గూర్చి, చిరుధాన్యములను గూర్చి, ఆరోగ్యమును గూర్చి తమ పలుకుబడిలో మాటాడి, తమ పాటలు పాడి స్టేషను నడపిరి. యంత్రము తమది, మాట తమది, ఆ మాటను అమ్ముకొను మూడవవాడు నడుమ లేడు. పరికరమును కొనుటకంటె పరికరము మన ఆధీనమందుండుటయే ముఖ్యమని ఆ స్త్రీలు మనకు నేర్పినారు.

మాటాడుటకు చిన్న ఫోను చాలును. బొత్తాలుండెడి ఈ డబ్బా ఫోను వెయ్యి రెండువేల రూపాయలలో దొరకును. ఒకమారు ఛార్జి చేసిన కొన్ని దినములు వచ్చును. బజారునకు, పొలమునకు, పేరంటమునకు పోవునప్పుడు దానినే తీసికొని, పెద్ద ఫోనును ఇంట విడువవచ్చును. 2017 జనవరినుండి అమ్మబడు చిన్న ఫోనులయందు 5వ బొత్తామునుగాని 9వ బొత్తామునుగాని నొక్కిపట్టిన ఆపత్కాలపు సహాయమునకు పిలుపు పోవు ఏర్పాటుండవలెనని ప్రభుత్వమువారు నియమించిరి. కొనునప్పుడు దుకాణదారు నడిగి ఆ బొత్తామేదో తెలిసికొనుడు. చిన్న ఫోనుతో డబ్బు పంపుకొనుటకు 2022 మార్చి 8వ తేదీన రిజర్వు బ్యాంకువారు యూపీఐ 123పే అను పద్ధతిని ప్రారంభించిరి. దానికి ఇంటర్నెట్టు అక్కరలేదు.

కొనునప్పుడు మరి రెండు సంగతులు విచారింపవలెను. చిన్నవిగా కనబడు కొన్ని ఫోనులయందు వాట్సాపు మొదలైనవియు ఇంటర్నెట్టును ఉండును. అవి రూపమున చిన్నవేగాని గుణమున పెద్దవాని తోబుట్టువులే. రెండవది, జియో వారి సిమ్ము పాత 2జీ ఫోనులో పనిచేయదు. కనుక సిమ్మునకు తగిన ఫోనునే కొనవలెను.

చిన్న ఫోను చేతబట్టినంతమాత్రమున మనము అదృశ్యుల మగుదుమని భ్రమపడరాదు. ఏ ఫోనుగాని దగ్గరి టవరుతో మాటాడకయే మనకు పిలుపు రాదు. ఎవరితో ఎప్పుడు మాటాడితిమను లెక్కను కనీసము రెండేండ్లు ఉంచవలెనని 2021 డిసెంబరులో ప్రభుత్వమువారు ఫోను కంపెనీల నాజ్ఞాపించిరి. డబ్బు పంపినచో బ్యాంకునకు తెలియును. కాని ఫోను కంపెనీకి, బ్యాంకునకు తెలియుట ఒకటి, పదుల కొలది యాప్‌లకు దినమంతయు తెలియుచుండుట మరియొకటి. అందరికి తెలిసినదానిని ఇద్దరికి కుదించుటయు లాభమే.

ఫోటోల సంగతి వేరు. బిడ్డల చిత్రములు, పెండ్లి చిత్రములు ఎచ్చటనో యున్న కంపెనీ యంత్రములలో దాచుట, మన పచ్చడి జాడీలను పరుల కొట్టిడిలో నుంచుట వంటిది. మొదట అద్దె యుండదు. జాడీలు నిండిన తరువాత అద్దె మొదలగును. గూగుల్ ఫోటోసు 2021 జూన్ 1వ తేదీనుండి అపరిమితమైన ఉచితపు నిలువను మాని, 15 జీబీ దాటినచో సొమ్ము చెల్లింపుమన్నది. కనుక నెలకొకమారు తీగతో ఫోనును కంప్యూటరునకు తగిలించి, చిత్రములను ఒక హార్డుడిస్కులోనికి ఎక్కించి బీరువాలో బెట్టుడు. వేరొక ప్రతిని పుట్టింటనో, బిడ్డల యింటనో ఉంచుడు. ఒక్క డిస్కు చెడిన అన్నియు పోవును.

ఇంట కంప్యూటరు చదువు చదివిన పిల్లలున్నచో ఇంకొక మెట్టెక్కవచ్చును. 2010లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయపు న్యాయశాస్త్రాచార్యులు ఎబెన్ మోగ్లెన్‌గారు, ప్రతివారును తమ వివరములను తమ యింటనే చిన్న పెట్టెలో నుంచుకొనవలెనని ఉపన్యసించిరి. ఆ తలపునుండి పుట్టినదే ఫ్రీడంబాక్సు. పుస్తకమంత చిన్న కంప్యూటరులో ఉచితముగా దొరకు ఈ సాఫ్ట్‌వేరును ఎక్కించినచో ఇంటివారి ఫైళ్లు, క్యాలెండరు, ఉత్తరప్రత్యుత్తరములు ఇంటనే యుండును. దాని నిర్మాణమున మన తెలుగు యువకులును పాల్గొనియుండుట సంతోషము. హైదరాబాదులోని స్వేచ్ఛ అను సంస్థ తెలుగున నడచు స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు కొరకు చాలకాలముగా పాటుపడుచున్నది. అయితే ఇది ఇంట పాడిని పెట్టుకొనుట వంటిది. పాలు చిక్కనివే గాని చాకిరి మనదే. కరెంటు పోయిన పెట్టె ఆగును. ఎప్పటికప్పుడు సాఫ్ట్‌వేరును బాగుచేసికొనుచుండవలెను. చూచుకొనువారు లేనిచో బీరువాలోని డిస్కే మేలు.

ఇంతచేసిన పిదపను పెద్ద ఫోను ఇంట నుండక తప్పదు. దానికి పూర్వపు తీగఫోనునకు వలెనే ఒక స్థానమేర్పరుపుడు. గూట నున్న వస్తువు నవసరమైనప్పుడే పోయి చూతుము. ఒక తీరిక మధ్యాహ్నము కూర్చుండి సెట్టింగులలో అనుమతుల జాబితాను తెరచి, బియ్యమునుండి రాళ్లేరినట్లు ఒక్కొక్క యాపును చూడుడు. టార్చిదీపపు యాపునకు పేర్ల పట్టిక యెందులకు? ఆటల యాపునకు మైకెందులకు? అక్కరలేని అనుమతిని తీసివేయుడు, వాడని యాపును తొలగింపుడు. గోప్యతా విభాగమున ప్రకటనల గుర్తింపుసంఖ్యను చెరపివేయు ఏర్పాటున్నది, దానిని నొక్కుడు. క్రొత్త ఆండ్రాయిడ్ ఫోనులలో మైకుగాని కెమెరాగాని పనిచేయునప్పుడు పైమూలన పచ్చనిచుక్క కనబడును. మనము వాడనప్పుడు అది వెలిగినచో ఏ యాపు చేయుచున్నదో విచారింపవలెను.

చివరగా ఒక హెచ్చరిక. ఈ మాటలను అడ్డుపెట్టుకొని, కోడలికి ఫోనెందుకు, ఆడపిల్లకు చిన్న ఫోనే చాలునని లాగికొనువారు లేకపోలేదు. మగవారి చేత పెద్ద ఫోనులుంచి, ఆడువారికిమాత్రమే ఈ నియమములు పెట్టుట గుట్టు కాదు, కట్టడి. పుట్టింటితో మాటయు, బ్యాంకులో స్వంతసొమ్మును, ఆపదలో 181 అను స్త్రీల సహాయసంఖ్యయు, సైబరు మోసము జరిగినప్పుడు 1930 అను సంఖ్యయు ఫోనుతోనే అందును. ఏ పనికి ఏ ఫోనో ఆమెయే నిర్ణయించుకొనవలెను. అట్లే భార్య ఎచ్చట నున్నదో నిముషనిముషమునకు ఫోనులో చూచెడి భర్తకును, ఆ అప్పుల యాపు యజమానికిని చారత్వమున భేదము స్వల్పము. కంపెనీలు మన జాడ తీయరాదన్నచో, ఇంటివారు ఒకరి జాడ నొకరు దొంగచాటుగ తీయరాదు.

సోదరీమణులారా, ఇవన్నియు ఒక్కనాట చేయనక్కరలేదు. ఈ నెల అలారము గడియారమును, నంబర్ల పుస్తకమును ఏర్పరచుకొనుడు. వచ్చు నెల అనుమతుల నేరివేయుడు. ఆ మీద ఫోటోల సంగతి చూడవచ్చును. ఇంటి తాళపుచెవులు ఎవరివద్ద నున్నవో ఎరుగని గృహిణి యుండదు. ఈ క్రొత్త తాళపుచెవులును ఆ గుత్తిలోనే చేరునుగాక యని కోరుచున్నాము.