వకీలు వృత్తి నుండి మంత్రి పదవికి - మంథని శ్రీధర్‌బాబు

మంథని: పాత కరీంనగర్ జిల్లాలోని మంథని 1957 నుండి వరుసగా నాలుగుసార్లు శ్రీ పి.వి. నరసింహారావును శాసనసభకు పంపిన నియోజకవర్గం. తరువాత ఇక్కడి నుండే మూడుసార్లు గెలిచిన శ్రీ దుద్దిళ్ల శ్రీపాదరావు 1991లో స్పీకరైనారు. 1999 ఏప్రిల్‌లో మహదేవపూర్ అడవుల్లో నక్సలైట్లు ఆయనను కాల్చి చంపారు.

హైదరాబాదు హైకోర్టులో వకీలుగా ఉన్న కుమారుడు శ్రీ శ్రీధర్‌బాబు ఆ ఏడే పోటీచేసి నెగ్గారు. 2004, 2009లలోనూ ప్రజలు ఆయననే ఎన్నుకొన్నారు.

తెలంగాణ బిల్లుపై సభలో చర్చ జరగవలసిన వేళ శాసనసభా వ్యవహారాల శాఖను తన నుండి తీసివేయగా, 2014 జనవరిలో మంత్రి పదవికి రాజీనామా లేఖ ఇచ్చారు. రాష్ట్రం సిద్ధించిన ఆ ఏటి ఎన్నికలలోనే ఆయన ఓడిపోవడం విచిత్రం. 2018, 2023లలో తిరిగి గెలిచారు. 2023 డిసెంబరులో, పోయిన ఆ శాఖే మళ్ళీ ఆయన చేతికి వచ్చింది.