సగటులో కనిపించని 4

శ్రీరాంపూర్ సింగరేణి బొగ్గు బాయిల మీద డ్యూటీ మూడు షిఫ్టులు. సెకండ్ షిఫ్టు ముగించుకుని నాన్న ఇల్లు చేరేసరికి డిగ్రీ చదివే కూతురు నిద్రలో ఉంటుంది. పొద్దున ఆమె మంచిర్యాల బస్సెక్కే వేళకు ఆయన లేవడు. ఇంట్లోవాళ్లు ఎంత తోడుంటారని అడిగితే ఆమె ఏ అంకె వేయాలి?

అంకె వేయించే పద్ధతి ఉంది. 1988లో జిమెట్ బృందం అమెరికాలో తయారుచేసిన కొలమానంలో 12 వాక్యాలు: కుటుంబం మీద 4, స్నేహితుల మీద 4, మనసుకు దగ్గరైన ఒక మనిషి మీద 4. ఒక్కోదానికి 1 నుంచి 7 మార్కులు. ఇద్దరు విద్యార్థులకు 56 చొప్పున వచ్చాయనుకుందాం. ఒకరివి 19, 19, 18. ఇంకొకరికి స్నేహితుల దగ్గర 28, దగ్గరి మనిషి దగ్గర 24, ఇంట్లో 4. ఇద్దరి సగటూ 4.67, ఇద్దరూ ‘మధ్యస్థం’. ఇంట్లో 4 అంటే అంతకు తక్కువ వేయడానికే వీల్లేదు. సగటుతో సరిపెట్టుకునే కాలేజీకి ఆ 4 కనిపించదు. నా బాధంతా దాని గురించే.

ఆత్మగౌరవానికి రోజెన్‌బర్గ్ 1965లో ఇచ్చిన కొలత ఇంకా చిన్నది: 10 వాక్యాలు, వాటిలో 5 తిరగేసి రాసినవి. చదవకుండా అన్నిటికీ ‘అవును’ అనేసేవారి మార్కులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఈ బొగ్గు బాయిల ప్రాంతంలో మాత్రం ఇంకో లెక్క కలపాలి. 1990ల మొదట్లో సింగరేణి కార్మికులు లక్షకు పైనే, ఇప్పుడు 40 వేల దగ్గర. తండ్రి అన్‌ఫిట్ అయితే కొడుక్కి నౌకరీ అన్న ఆశ మీద పెరిగిన పిల్లవాడికి తక్కువ మార్కులొస్తే, అది వాడి స్వభావమని తేల్చేయడం అన్యాయం.

భావోద్వేగ ప్రజ్ఞ గురించి 1990లో సలోవే, మేయర్ చెప్పారు. మన మనసునూ ఎదుటివారి మనసునూ పసిగట్టి నడుచుకోవడం అది. సాధనతో పెరుగుతుంది. కానీ తన దిగులును గుర్తుపట్టిన పిల్ల దాన్ని ఎవరికి చెప్పుకోవాలి?

2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. విశాఖలో నీట్‌కు చదువుతున్న 17 ఏళ్ల అమ్మాయి మరణం కేసులో, 2025 జులై 25న సుప్రీంకోర్టు 100 మంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఒక్కరైనా ఉండాలంది. అంతకన్నా చిన్నవి బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. మంచిర్యాలలో 2022 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, ఇక్కడి చిన్న కాలేజీలు అక్కడే అడగవచ్చు. తల్లిదండ్రులను పిలిచే వేళలు షిఫ్టు చూసి పెట్టాలి. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులోనే పలుకుతుంది. ఆ నంబరును హాల్‌టికెట్ మీదే అచ్చు వేయాలి.