స్కానర్ 'అంతా సేఫ్' అంటే నమ్మొచ్చా? ముందు ఆ స్కానర్‌నే టెస్ట్ చేయాలి.. ఎలాగంటే!

పత్తి కొనుగోలు కేంద్రంలో తేమ మీటర్ తప్పు చూపిస్తే ఏమవుతుందో గుంటూరు, ప్రకాశం రైతులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. తేమ 12 శాతం దాటిందంటే సీసీఐ ఆ పత్తి కొనదు. మీటర్ సరిగ్గా లేకపోతే నష్టం రైతుకే. కంప్యూటర్ నెట్‌వర్క్‌లో లోపాలను వెతికే వల్నరబిలిటీ స్కానర్ కూడా అలాంటి మీటరే. అది తప్పు చెబితే ఆఫీసు మొత్తం ఆగిపోవచ్చు.

2017లో ఏం జరిగింది?

2017 మే 12న వన్నాక్రై రాన్సమ్‌వేర్ ప్రపంచాన్ని వణికించింది. దాదాపు 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లలో ఫైళ్లకు తాళం పడింది. విడిపించాలంటే 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్లు కట్టాలంటూ స్క్రీన్ మీద మెసేజ్. ఈ దెబ్బ ఏపీ పోలీసు శాఖకూ తగిలింది. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లోని 18 పోలీస్ యూనిట్లలో కొన్ని కంప్యూటర్లు దీని బారిన పడ్డాయి.

అసలు ట్విస్ట్ ఏంటంటే.. వన్నాక్రై వాడుకున్న విండోస్ లోపానికి మైక్రోసాఫ్ట్ అప్పటికే మందు ఇచ్చేసింది. ఎంఎస్17-010 పేరుతో ఆ ప్యాచ్ మార్చి 14నే వచ్చింది. అంటే దాదాపు 2 నెలల టైమ్ ఉంది. ఏ కంప్యూటర్‌కు ప్యాచ్ పడలేదో తెలుసుకోవడమే అసలు సమస్య. స్కానర్ పని అదే.

స్కానర్ ఎలా పనిచేస్తుంది?

నెట్‌వర్క్‌లోని ప్రతి కంప్యూటర్‌నూ ఇది పలకరిస్తుంది. తెరిచి ఉన్న పోర్టులేవి, లోపల నడుస్తున్న సాఫ్ట్‌వేర్ ఏ వెర్షన్ అని చూసి, తెలిసిన లోపాల జాబితాతో పోలుస్తుంది. నెసస్, ఓపెన్‌వాస్ ఈ రకానివే. ఎన్‌మ్యాప్‌లోనూ వన్నాక్రై లోపాన్ని పట్టే ప్రత్యేక స్క్రిప్ట్ ఉంది.

మరి టెస్ట్ చేసేదెలా?

కాటాను సరిచూడాలంటే బరువు ముందే తెలిసిన తూకం రాయి పెడతారు. ఇక్కడా అంతే.

* ఇంటర్నెట్‌తోనూ, ఆఫీసు నెట్‌వర్క్‌తోనూ సంబంధం లేని చిన్న ల్యాబ్ సిద్ధం చేయాలి. అన్ని అప్‌డేట్లు ఉన్న మెషీన్ ఒకటి, కావాలనే ప్యాచ్ వేయని మెషీన్ ఒకటి పెట్టాలి. లోపాలతోనే తయారుచేసిన మెటాస్‌ప్లాయిటబుల్ లాంటి ప్రాక్టీస్ మెషీన్ కూడా పనికొస్తుంది.

* ఎందులో ఏ లోపం ఉందో ముందే కాగితం మీద రాసుకోవాలి. స్కాన్ అయ్యాక రిపోర్టును దాంతో పోల్చాలి.

* లేని లోపాన్ని ఉందని చెబితే ఫాల్స్ పాజిటివ్. ఉన్నదాన్ని వదిలేస్తే ఫాల్స్ నెగెటివ్. మొదటిదానితో టైమ్ వేస్ట్, రెండోదానితో ఆఫీసుకే ఎసరు.

* ఒకసారి బయటి నుంచి, మరోసారి లాగిన్ వివరాలు ఇచ్చి స్కాన్ చేయాలి. కొన్ని లైనక్స్ సిస్టమ్‌లలో పాత వెర్షన్ నంబర్ అలాగే ఉంచి, ప్యాచ్ మాత్రం వేస్తారు. బయటి నుంచి నంబర్ మాత్రమే చూసే స్కానర్ అక్కడ బోల్తా పడుతుంది.

* చివరగా ప్యాచ్ వేసి మళ్లీ స్కాన్ చేయాలి. ఆ హెచ్చరిక పోవాలి.

ఇక్కడే జాగ్రత్త!

వన్నాక్రై దూరింది 445 నంబర్ పోర్టు నుంచి. మధ్యలో ఫైర్‌వాల్ ఆ పోర్టును మూసేస్తే స్కానర్‌కు లోపం కనపడదు. రిపోర్టులో ఏమీ లేదంటే ఆ కంప్యూటర్ సేఫ్ అని కాదు, స్కానర్ చూడలేకపోయిందని కూడా కావొచ్చు. అదే ఫైర్‌వాల్ లోపల ఉన్న ఒక కంప్యూటర్‌కు వైరస్ సోకితే చాలు, పక్కవాటికి పాకుతుంది. అందుకే స్కానర్‌ను లోపలి నుంచీ నడిపి చూడాలి. లోపాల జాబితా ఏ తేదీదో కూడా చెక్ చేయాలి. జాబితా పాతదైతే కొత్త లోపాలు దానికి తెలియవు.

పాత ప్రింటర్లు, సీసీ కెమెరాల డీవీఆర్‌లు స్కాన్ తాకిడికి హ్యాంగ్ అయ్యే ఛాన్స్ ఉంది. ఆఫీసు పని అయిపోయాకే వాటి జోలికి వెళ్లాలి.

అనుమతి లేకుండా వేరేవాళ్ల నెట్‌వర్క్‌పై ప్రయోగాలు మాత్రం వద్దు. ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కింద 3 ఏళ్ల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా పడొచ్చు. సొంత ఆఫీసైనా సరే.. రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాకే స్కాన్ బటన్ నొక్కాలి.