జావా సాతే: పుల్ల, నిప్పు, వేరుశనగ

మాంసమును నిప్పులపై కాల్చి తినుట మానవుడు నేర్చిన మొట్టమొదటి పాకము. కుండ పుట్టుటకు ఎంతో ముందే ఈ వంట పుట్టినది. అయినను ఒక్కొక్క దేశమువారు దీనిని తమ తమ అభిరుచికి తగినట్లు దిద్దుకొనిరి. ఇండోనేషియాలోని జావా ద్వీపమువారు దిద్దుకొన్న పద్ధతికి 'సాతే' అని పేరు. చిన్న చిన్న మాంసపు ముక్కలకు పసుపు, ధనియాలు, బెల్లము పట్టించి, సన్నని పుల్లలకు గ్రుచ్చి, బొగ్గుల మీద కాల్చి, కారముగాను తీయగాను ఉండు వేరుశనగ పులుసులో ముంచుకొని తినుటయే సాతే. మేక, గొడ్డు మాంసములతో కూడ దీనిని చేయుదురు గాని కోడిమాంసముతో చేయునది మన గృహములకు మిక్కిలి అనువైనది.

ఈ వంటలో మాంసము స్వల్పము, పులుసు ప్రధానము. ఆ పులుసునకు వేరుశనగ ప్రాణము. కావున సాతే చక్కగా కుదురుటయు కుదరకపోవుటయు పొయ్యి రాజేయుటకు ముందే, గింజలను ఏరుకొనునప్పుడే సగము తేలిపోవును. రుచి మాత్రమే కాదు, ఇంటిల్లిపాది ఆరోగ్యము కూడ ఆ ఏరుటపై ఆధారపడి ఉన్నది. ఆ సంగతి తరువాత వివరించెదను.

మాంసమును పుల్లకు గ్రుచ్చి కాల్చు అలవాటు అరబ్బు, భారతీయ ముస్లిం వర్తకుల మూలమున జావా చేరినదని పలువురు భావింతురు. హైదరాబాదు వీధులలో మనము చూచు సీఖ్ కబాబునకు ఇది దూరపు చుట్టము. కాని కబాబునకు ఇనుప ఊచ కావలెను. జావాలో వెదురు పుల్లయో, కొబ్బరి ఈనెయో చాలును. ఇక పులుసులోని వేరుశనగ, మిరపకాయ రెండును ఆసియా ఖండమునకు చెందినవి కావు. వేరుశనగ జన్మస్థానము దక్షిణ అమెరికా. మిరపయు అమెరికా ఖండపుదే. 1492లో కొలంబసు సముద్రయానము జరిగిన తరువాత స్పెయిను, పోర్చుగీసు ఓడలవారు ఈ పంటలను తూర్పు దేశములకు తెచ్చిరి. జావాలోని చింతపండు, కొబ్బరిపాలు, నిమ్మగడ్డి ఈ క్రొత్త సరకులతో కలిసి సాతే పులుసు అయినది. ఆ ఓడల వర్తకమే మన దేశమునకును వేరుశనగను చేర్చినది. రాయలసీమలో బుడ్డలనియు, శెనక్కాయలనియు, తెలంగాణములో పల్లీలనియు మనము పిలుచుకొను ఈ గింజను నేడు పరదేశపుదని ఎవరును అనుకొనరు.

ఇండోనేషియాలోనే సాతే పలు విధములు. మదుర ద్వీపమువారి కోడి సాతే వేరుశనగ పులుసునకు ప్రసిద్ధి. సుమత్రాలోని పాడాంగు సాతేలో వేరుశనగ ఉండదు. బియ్యపుపిండితో చిక్కబరచిన పచ్చని మసాలా పులుసును దానిపై పోయుదురు. బలి ద్వీపములో మాంసమును మెత్తగా నూరి నిమ్మగడ్డి కాడలకు చుట్టి కాల్చుదురు. మలేషియాలో కౌలాలంపూరునకు సమీపమున ఉన్న కజాంగు పట్టణము సాతేకు పెట్టినది పేరు. సింగపూరులో సముద్రతీరమున 'సాతే క్లబ్బు' అను అంగళ్ల వరుస 1995 వరకు ఉండెడిది. నేడు అచట లావ్ పా సాత్ అను పాత మార్కెట్టు ప్రక్క వీధిలో సాయంకాలము వాహనములను ఆపి సాతే కుంపట్లు వెలిగింతురు. ఇండోనేషియాను చిరకాలము పాలించిన హాలెండు దేశమువారు కూడ ఈ వంటను తమ ఇండ్లకు కొనిపోయిరి. తోటపనులకై మలయాకు వలస పోయి అచటనే స్థిరపడిన తెలుగు కుటుంబముల వారికి సాతే క్రొత్త కాదు. పసుపు, ధనియాలు, చింతపండు, కొబ్బరి ఉన్న వంట మనవారికి పరాయిదిగా తోచునా?

ఇక మాంసము సంగతి చూతము. నలుగురికి 600 గ్రాముల ఎముకలు లేని కోడిమాంసము చాలును. రొమ్ము మాంసము కన్న తొడ మాంసము మేలు. దానిలో కొంత కొవ్వు ఉండుటచేత నిప్పుల వేడికి త్వరగా ఎండిపోదు. అంగుళమునకు తక్కువగా, ముక్కలన్నియు ఒకే పరిమాణములో ఉండునట్లు కోయవలెను. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అయినచో చిన్నది మాడును, పెద్దది పచ్చిగా మిగులును. ముక్క చిన్నది అగుటలో మరియొక లాభము ఉన్నది. మసాలా లోపలికి లోతుగా పోదు. అది పైపైననే పట్టును. ముక్క చిన్నదైన కొలది పైభాగము ఎక్కువ, లోభాగము తక్కువ. కాబట్టి ప్రతి ముక్కయందును రుచి నిండుగా ఉండును.

పట్టించుటకు ఆరు చిన్న ఉల్లిపాయలు, మూడు వెల్లుల్లి రేకలు, అంగుళము అల్లము, రెండు నిమ్మగడ్డి కాడల తెల్లని మొదళ్లు, ఒక పెద్ద చెంచా వేయించిన ధనియాలు, ఒక చిన్న చెంచా జీలకర్ర, ఒక చిన్న చెంచా పసుపు, ఒక చిన్న చెంచా ఉప్పు, రెండు పెద్ద చెంచాల తాటిబెల్లము, రెండు పెద్ద చెంచాల నూనె కావలెను. జావావారు అల్లముతోపాటు దుంపరాష్ట్రము కూడ వాడుదురు. దొరకనిచో అల్లము చాలును. నిమ్మగడ్డి దొరకనిచో నిమ్మతొక్క కొంచెము తురిమి వేయవచ్చును. అన్నియు మెత్తగా నూరి ముక్కలకు పట్టించి, మూతపెట్టి రిఫ్రిజిరేటరులో నాలుగు గంటలు ఉంచవలెను. బయట వేడిలో ఉంచరాదు.

బెల్లము ఎందులకని కొందరు అడుగవచ్చును. మాంసములోని మాంసకృత్తుల అంశములును చక్కెరలును వేడిలో కలిసినప్పుడు ఎర్రని రంగు, కమ్మని వాసన పుట్టును. ఈ చర్యను 1912లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మయ్యార్ వివరించెను. బెల్లము ఆ పనిని త్వరపెట్టును. అయితే బెల్లము త్వరగా మాడును కూడ. అందుచేతనే సాతే కాల్చువాడు ముక్కలను క్షణమైనను అట్లే వదలక త్రిప్పుచుండును.

వెదురు పుల్లలను అరగంట నీటిలో నానబెట్టినచో నిప్పు అంటుకొనవు. ఒక్కొక్క పుల్లకు నాలుగైదు ముక్కలు గ్రుచ్చవలెను. ముక్కలు ఒకదానికొకటి ఆనియుండవలెను గాని బిగించి నొక్కరాదు. నొక్కినచో నడుమ వేడి తగులదు. పట్టుకొనుటకు నాలుగు వ్రేళ్ల మేర పుల్లను ఖాళీగా విడువవలెను. సాతే కుంపటి సన్నగా, పొడవుగా ఉండును. మాంసము నిప్పుల మీదను, పుల్ల చివర వెలుపలను ఉండునట్లు దానిని అమర్చుకొందురు. ఇంటిలో రెండు ఇటుకల వరుసల నడుమ నిప్పులు పరచినను సరిపోవును.

బొగ్గులు మండుచున్నప్పుడు మాంసమును పెట్టరాదు. మంట చల్లారి, బొగ్గులపై నివురు కప్పిన తరువాతనే పెట్టవలెను. మంట తగిలినచో ముక్కలకు మసి పట్టి చేదెక్కును. ఆ మసి ఆరోగ్యమునకును మంచిది కాదు. నిప్పులకు నాలుగైదు అంగుళముల ఎత్తున పుల్లలను పేర్చి, త్రిప్పుచు, నిమ్మగడ్డి కాడను చివర చితుకగొట్టి కుంచెగా చేసికొని నూనె పూయుచుండవలెను. ఎనిమిది, పది నిమిషములలో కాలును. కొవ్వు కారి మంట లేచినచో పుల్లలను ప్రక్కకు జరుపవలెను. అన్నిటికన్న లావైన ముక్కను కోసి చూచినచో నడుమ ఎరుపు కనబడరాదు. ఉష్ణమాపకము ఉన్నవారు ముక్క నడుమ 74 డిగ్రీల సెంటిగ్రేడు వేడి చేరినదో లేదో చూచుకొనుట మరింత నమ్మకము. కుంపటి లేనివారు ఇనుప పెనము మీద కాల్చుకొనవచ్చును. పొగవాసన తగ్గును గాని రుచి చెడదు.

రెండు హెచ్చరికలు ఇచటనే చెప్పవలెను. పచ్చి కోడిమాంసము నానిన మసాలాలో రోగక్రిములు ఉండవచ్చును. మిగిలిన మసాలాను కాలిన ముక్కలపై పూయరాదు, పులుసులో కలుపరాదు. పచ్చి మాంసము పెట్టిన పళ్లెములో కాల్చినది పెట్టరాదు. రెండవది, బొగ్గుల కుంపటిని తలుపులు మూసిన గదిలో ఎన్నడును ఉంచరాదు. బొగ్గుల నుండి వెలువడు కార్బన్ మోనాక్సైడు వాయువునకు వాసన లేదు, రంగు లేదు. అది తెలియకుండనే ప్రాణము తీయును. పెరడుగాని, డాబాగాని తగిన చోటు.

ఇప్పుడు పులుసు. ఇది మన పచ్చడికిని పులుసునకును నడుమ నుండునది. 200 గ్రాముల వేరుశనగ గింజలు, ఎనిమిది ఎండుమిరపకాయలు, ఆరు చిన్న ఉల్లిపాయలు, మూడు వెల్లుల్లి రేకలు, ఒక నిమ్మగడ్డి కాడ, చిన్న నిమ్మకాయంత చింతపండు, 40 గ్రాముల బెల్లము, ఒక కప్పు చిక్కని కొబ్బరిపాలు, ఒక కప్పు నీరు, నాలుగు పెద్ద చెంచాల నూనె, తగినంత ఉప్పు సిద్ధము చేసికొనవలెను.

గింజలను సన్నని సెగపై ఓపికతో వేయించవలెను. పైన నల్లబడి లోపల పచ్చిగా ఉన్న గింజ పులుసును పాడుచేయును. చల్లారిన తరువాత గుడ్డలో నలిపి, చేటతో పొట్టు చెరిగి, రోటిలో బరకగా దంచవలెను. మరీ మెత్తగా నూరినచో నూనె దిగి జిడ్డు ముద్ద అగును. బరకగా ఉన్నప్పుడే నోటికి తగిలి రుచి తెలియును. నానబెట్టిన మిరపకాయలు, ఉల్లి, వెల్లుల్లి, నిమ్మగడ్డి మెత్తగా నూరి నూనెలో సన్నని సెగపై వేపవలెను. మొదట నీరు ఇగురును, పిదప నూనె ఎర్రబడి ప్రక్కలకు తేలును. మిరప ఎరుపు నూనెలో కరుగునదే గాని నీటిలో కరుగునది కాదు. కావున నూనె ఎర్రబడుటయే ముద్ద వేగినదనుటకు గుర్తు. అప్పుడు చింతపండు రసము, బెల్లము, ఉప్పు వేసి ఒక పొంగు రానిచ్చి, కొబ్బరిపాలు, నీరు, దంచిన గింజలు కలిపి పదిహేను నిమిషములు అడుగంటకుండ కలుపుచు ఉడికింపవలెను. చల్లారిన కొలది చిక్కబడును గనుక కొంచెము పలుచగా ఉన్నప్పుడే దింపుట మంచిది. తీపి, పులుపు, కారము మూడును ఒకదానినొకటి మించక ఉండవలెను.

కీరదోస ముక్కలు, పచ్చి ఉల్లిపాయ ముక్కలు ప్రక్కన పెట్టి వడ్డింపుడు. మలయా దేశమువారు కొబ్బరాకు బుట్టలలో బియ్యము పోసి ఉడికించిన 'కెతుపాత్' అను గట్టి అన్నపుముద్దను ముక్కలుగా కోసి దీనితో తిందురు. మన ఇండ్లలో వేడి అన్నము చాలును. మాంసము తిననివారికి పులుసు మాత్రమే ప్రత్యేకముగా తీసి ఉంచుడు. ఇండోనేషియాలో ఉడికిన కూరగాయలకు ఇటువంటి పులుసు కలిపి 'గాదో గాదో' అను పేర తిందురు. అయితే కొందరి శరీరతత్త్వమునకు వేరుశనగ బొత్తిగా సరిపడదు. కొంచెము తగిలినను ప్రాణాపాయము కలుగవచ్చును. అతిథులను ముందుగా అడిగి తెలిసికొనుట ఇల్లాలి ధర్మము.

మొదట చెప్పెదనన్న సంగతి ఇది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు అంతుపట్టని వ్యాధితో చనిపోయినవి. విచారింపగా వాటి దాణాలో కలిపిన వేరుశనగ పిండిచెక్కలో ఒక బూజు విషము బయటపడినది. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అను శిలీంధ్రము నుండి పుట్టునది గనుక దానికి 'అఫ్లాటాక్సిన్' అని పేరు పెట్టిరి. 1974లో మన దేశపు పశ్చిమ ప్రాంతములలో బూజుపట్టిన మొక్కజొన్న తిని నూరుగురికి పైగా కామెర్లతో మరణించినప్పుడు, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు పరిశోధించి ఈ విషమే కారణమని చెప్పిరి. కొద్ది కొద్దిగా చిరకాలము శరీరములో చేరినను ఇది కాలేయమునకు పుట్టకురుపు తెచ్చును.

పంట చివర వాన లేక చేను బెట్టకు వచ్చినను, కాయ సరిగా ఎండక తడిగా నిలువయైనను ఈ బూజు పట్టును. వేయించినను, ఉడికించినను విషము పూర్తిగా పోదు. కారము, చింతపండు దాని చేదును కప్పిపుచ్చును గాని విషమును విరువలేవు. అందుచేతనే పులుసు వంటి వంటలో ఈ జాగ్రత్త మరింత అవసరము. మనకున్న ఉపాయము సులభమైనదే. విషములో అధిక భాగము ముడుతపడిన, రంగుమారిన, పగిలిన, బూజు కనబడు గింజలలోనే ఉండును. గింజలను చేటలో పోసి వెలుగున ఒక్కొక్కటిగా చూచి అట్టివానిని తీసివేసినచో అపాయము చాలవరకు తగ్గును. తినునప్పుడు చేదు తగిలిన గింజను మ్రింగక ఉమిసివేయవలెను. నిలువ ఉంచునప్పుడు బాగుగా ఎండిన కాయలను పొట్టుతోనే, తేమ తగులని చోట ఉంచవలెను.

ఏరి తీసిన గింజలు వృథా పోవునని పెరటి కోళ్లకో, పాడి పశువునకో వేయుట మన ఇండ్లలో అలవాటు. అది మానవలెను. కోళ్ల సంగతి 1960లోనే తేలినది. ఆవు తిన్న విషము పాలలోనికి దిగి, పిల్లలు త్రాగు గిన్నెలోనికే తిరిగి వచ్చును. గుప్పెడు గింజలను గోతిలో పాతిపెట్టినచో కలుగు నష్టము కొలది పైసలు మాత్రమే. చేట ముందు కూర్చుండు ఆ పది నిమిషములే ఈ వంటలో మొదటి పని.