విత్తనాల నుండి డ్రోసిరా పెంపకం

డ్రోసిరా అనునది కీటకాలను పట్టి జీర్ణం చేసుకొనే పుష్పించే మొక్కల ప్రజాతి. ఇది డ్రోసిరేసి కుటుంబానికి చెందినది. ఆకులపై ఉండే జిగురు బొట్లు ఎండలో మంచు బిందువుల వలె మెరుస్తాయి కనుక దీనిని ఆంగ్లంలో సన్‌డ్యూ అంటారు. గ్రీకు భాషలో 'డ్రోసోస్' అనగా మంచు. ప్రజాతి పేరు ఆ మాట నుండి వచ్చినదే. ప్రపంచంలో 200కు పైగా జాతులు ఉన్నాయి, వాటిలో సగానికి పైగా ఆస్ట్రేలియాలో పెరుగుతాయి. భారతదేశంలో సాధారణంగా చెప్పేవి మూడు. అవి డ్రోసిరా బర్మాని, డ్రోసిరా ఇండికా, డ్రోసిరా పెల్టేటా. వీటిలో మొదటి రెండూ తెలంగాణ, ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రాలలో సహజంగా మొలిచేవే.

ఇండ్లలో ఈ మొక్కను పెంచడానికి ప్రయత్నించినవారిలో చాలామంది దానిని ఉపేక్ష వలన కాక ఎక్కువ శ్రద్ధ వలన పోగొట్టుకుంటారు. సారవంతమైన మట్టి, పశువుల ఎరువు, బోరు నీరు - ఇతర మొక్కలకు మేలు చేసే ఈ మూడూ డ్రోసిరాకు ప్రాణాంతకమైనవి. కారణం తెలియాలంటే అది ఎక్కడ, ఎలా బ్రతుకుతుందో ముందు చూడాలి.

సహజ ఆవాసం

వర్షాకాలం చివరిలో చెరువు శిఖాల అంచులలో, పరుపుబండల మీద నీరు సన్నగా ఊరే చోట, జాలు పట్టిన ఇసుక నేలలలో, పలుచని గడ్డి మధ్య డ్రోసిరా కనిపిస్తుంది. అటువంటి చోట్ల నీరు నిరంతరం పారి, మట్టిలోని నత్రజని, భాస్వరం వంటి పోషకాలను కడిగివేస్తుంది. వరి గానీ పత్తి గానీ పండని ఆ నిస్సారమైన తడి నేలలో ఇతర మొక్కల పోటీ తక్కువ. డ్రోసిరా కిరణజన్య సంయోగక్రియ ద్వారా పిండి పదార్థాన్ని అన్ని పచ్చని మొక్కల వలెనే తయారుచేసుకుంటుంది. మట్టిలో దొరకని నత్రజని, భాస్వరాలను మాత్రం చీమలు, చిన్న దోమలు, ఈగల నుండి సంపాదించుకుంటుంది. అనగా కీటకం దానికి అన్నం కాదు, ఎరువు. దాని వేర్లు చిన్నవి, బలహీనమైనవి. నీరు పీల్చడమే వాటి ముఖ్యమైన పని. ఉప్పులు ఎక్కువగా ఉన్న నీరు, మట్టి తగిలితే అవి తట్టుకోలేవు.

డ్రోసిరా బర్మాని నేలకు అంటుకొని, సుమారు 2 సెం.మీ. వెడల్పుతో చిన్న పువ్వు ఆకారంలో ఆకులను పరుస్తుంది. ఎండ బాగా తగిలితే ఎర్రబడుతుంది. తెల్లని చిన్న పూలు సన్నని కాడ మీద వస్తాయి. 1794లో మార్టిన్ వాల్ దీనిని వర్ణించి, సింహళ ద్వీపపు మొక్కలపై గ్రంథం రాసిన డచ్చి శాస్త్రజ్ఞుడు యోహానెస్ బర్మన్ పేరు పెట్టాడు. డ్రోసిరా ఇండికాను 1753లో లిన్నేయస్ నామకరణం చేశాడు. దీనికి నిలువు కాండం, దారాల వంటి పొడవైన ఆకులు, సాధారణంగా గులాబీ రంగు పూలు ఉంటాయి. పెల్టేటా ఎత్తైన కొండలలో దుంప నుండి మొలిచే జాతి, మైదానాలలో పెంచడానికి పనికిరాదు.

పూర్వపు వరంగల్ జిల్లాలో ఉండి 2016లో జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో చేరిన టేకుమట్ల వంటి ప్రాంతాలలో జూన్ నుండి సెప్టెంబరు వరకు వానలు, చలికాలంలో పొడి గాలి, ఏప్రిల్, మే నెలలలో 40 డిగ్రీలు దాటే ఎండ ఉంటాయి. బర్మాని, ఇండికాలు ఈ కాలచక్రానికి సరిపడిన ఏకవార్షికాలు. వానలలో మొలిచి, చలికాలంలో పూచి కాచి, వేసవిని విత్తన రూపంలో దాటుతాయి. అంగళ్లలో దొరికే దక్షిణాఫ్రికా జాతి డ్రోసిరా కేపెన్సిస్ పెంపకానికి సులువైనదని విదేశీ పుస్తకాలు చెబుతాయి. అది అక్కడి చల్లని గది కిటికీలకు నిజమే కానీ మన మే నెల ఎండకు నిలవదు. ఐరోపాకు చెందిన రోటండిఫోలియా విత్తనాలు కొన్ని వారాల తడి చలి తగిలితే తప్ప సరిగా మొలవవు. కనుక మొదటిసారి పెంచేవారికి మన బర్మాని జాతే తగినది. ఇండికా విత్తనాలు మొండివి. మొలకకు ముందు పొడి వేడి కాలం గడవడం వాటికి మేలు చేస్తుంది.

విత్తనాల సేకరణ

విత్తనం అర మిల్లీమీటరు కూడా ఉండదు. నల్లని ధూళి వలె కనిపిస్తుంది. ఆవగింజంత విత్తనాలను డ్రోసిరా పేరుతో ఎవరైనా అమ్మితే అవి డ్రోసిరా కావని చూడగానే చెప్పవచ్చు. నమ్మకమైన పెంపకందారు వద్ద తీసుకోవడం ఉత్తమం. పొలం గట్టు మీదో చెరువు శిఖంలోనో మొక్కలు కనిపిస్తే వాటిని పెకలించి తేవడం ఎంతమాత్రం తగదు. ఏకవార్షికం కనుక పెకలించిన మొక్కతో పాటు ఆ ఏటి విత్తనం కూడా పోతుంది, ఇంటికి తెచ్చిన మొక్క సాధారణంగా వారం పది రోజులలో చనిపోతుంది. శిఖం భూములు పొలాలుగా, ప్లాట్లుగా మారుతున్న చోట వీటి ఆవాసం ఎలాగూ తగ్గుతున్నది. మొక్కలు చాలా ఉన్నచోట, ఎండిన ఒకటి రెండు కాయల నుండి మాత్రమే విత్తనం తీసుకోవాలి. తెల్లని కాగితం మడిచి, కాడను దానిపైకి వంచి తట్టితే విత్తనాలు రాలుతాయి. కాగితం పొట్లంపై తేదీ వ్రాసి పొడి డబ్బాలో ఉంచాలి.

నీరు

పెంపకంలో గెలుపు ఓటములను నిర్ణయించేది నీరే. భారతీయ ప్రమాణాల ప్రకారం త్రాగునీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చు, వేరే ఆధారం లేనప్పుడు 2000 వరకు అనుమతిస్తారు. డ్రోసిరాకు 50 లోపు ఉండడం మేలు. అనగా మనిషికి మంచినీరు అనిపించినది ఈ మొక్కకు ఉప్పునీరు. బోరు నీరు పోస్తే కొన్ని వారాలలో మట్టిపై తెల్లని పొర కడుతుంది, చవుడు నేలలో కనిపించేది అటువంటిదే. ఆ తరువాత ఆకులు నల్లబడతాయి. నల్లా నీటిని కాచి చల్లార్చినంత మాత్రాన లవణాలు పోవు. పైగా నీరు ఆవిరై మిగిలినది ఇంకా చిక్కబడుతుంది.

వాన నీరు అన్నింటికన్నా మంచిది. కప్పు మీది దుమ్ము కడుక్కుపోయేలా మొదటి వాన వదిలివేసి, తరువాతి వానలను ప్లాస్టిక్ పాత్రలో పట్టాలి. సిమెంటు తొట్టిలో నిలవ చేసిన నీటిలో సున్నం చేరుతుంది కనుక అది పనికిరాదు. ఒక చిన్న కుండీకి నెలకు సుమారు రెండు మూడు లీటర్లు చాలు. 20 లీటర్ల క్యాను నింపి మూత పెడితే చలికాలమంతా గడుస్తుంది. ఎ.సి. యంత్రం నుండి కారే నీరు, బ్యాటరీలకు వాడే శుద్ధజలం కూడా వాడవచ్చు. ఆర్.ఓ. నీటిని లవణాలు కొలిచే చిన్న మీటరుతో పరీక్షించి వాడాలి, ఎందుకంటే కొన్ని యంత్రాలు రుచి కోసం ఖనిజాలను తిరిగి కలుపుతాయి.

కుండీ, మట్టి

కాల్చిన మట్టి కుండీలు, సిమెంటు తొట్లు వద్దు. 8 - 10 సెం.మీ. లోతున్న ప్లాస్టిక్ కుండీ లేదా అడుగున రంధ్రాలు చేసిన పెరుగు డబ్బా చాలు. మట్టిగా స్ఫాగ్నం నాచు నుండి వచ్చే పీట్, ముతక ఇసుక సమపాళ్లలో కలుపుతారు. పీట్ దొరకనిచోట కొబ్బరి పీచు పొడి వాడవచ్చు. అయితే అందులో ఉప్పు ఉండవచ్చు కనుక వాన నీటిలో నానబెట్టి, పిండి, నాలుగైదు మార్లు నీరు మార్చాలి. రేగడి మట్టిలో సున్నపు గడ్డలు ఉంటాయి, అది అసలు పనికిరాదు. పూలకుండీల కోసం అమ్మే మట్టిలో ఎరువు కలిసి ఉంటుంది కనుక దానిని కూడా వాడరాదు.

గ్రానైటు, ఇసుకరాయి నేలల గుండా ప్రవహించే మానేటి ఇసుక బాగా కడిగితే సరిపోతుంది. నత్తగుల్లల ముక్కలు ఉంటే ఏరివేయాలి, అవి సున్నమే. అనుమానం ఉంటే ఒక చెంచా ఇసుకపై నిమ్మరసం పిండి చూడవచ్చు. బుస్సుమని నురగ వస్తే ఆ ఇసుకలో సున్నం ఉన్నట్లు. పాఠశాలలో ఆమ్లం, కార్బొనేటు చర్యగా చెప్పుకొనే ప్రయోగమే ఇది.

విత్తడం, మొలక

ఆగస్టు చివరి నుండి అక్టోబరు వరకు విత్తుకోవచ్చు. నేరుగా చివరి వరకు ఉంచదలచిన కుండీలోనే విత్తాలి, బర్మాని మొక్క వేరు కదిలిస్తే కోలుకోవడం కష్టం. తడిపిన మట్టిని చదును చేసి, మడిచిన కాగితం నుండి విత్తనాలను పలుచగా రాల్చాలి. పైన మట్టి కప్పరాదు. మొలకకు వెలుతురు కావాలి, మట్టిలో పూడిన విత్తనం మొలవదు. నీరు పైనుండి పోస్తే విత్తనాలు ఒక మూలకు కొట్టుకుపోతాయి. అందువలన కుండీని పళ్లెంలో ఉంచి ఒక సెం.మీ. మేర వాన నీరు పోస్తే మట్టి క్రింది నుండి పీల్చుకుంటుంది. పైన పారదర్శకమైన ప్లాస్టిక్ కప్పి, వెలుతురు ఉండి నేరుగా ఎండ పడని చోట ఉంచాలి. కప్పిన కుండీని ఎండలో పెడితే లోపల ఉడికిపోతుంది.

రెండు నుండి ఆరు వారాలలో మొలకలు వస్తాయి. అంతకాలం ఏమీ కనిపించక చాలామంది నిరాశపడి కుండీ బోర్లిస్తారు. వట్టి కంటితో చూస్తే పచ్చని చుక్క మాత్రమే; భూతద్దం ఉంటే మంచిది. మొదటి రెండు బీజదళాలకు జిగురు ఉండదు. ఆ తరువాత వచ్చే తొలి ఆకే, గుండుసూది తలకంటే పెద్దది కాకపోయినా, ఎర్రని స్పర్శకాలతో, వాటి కొసన బొట్లతో పూర్తి వేటగత్తె వలె వస్తుంది. విద్యార్థులకు చూపించదగిన దృశ్యం అది. అప్పటి నుండి కప్పును రోజుకు కొంచెం కొంచెంగా తొలగించి, వారం పది రోజులలో ఉదయపు ఎండకు అలవాటు చేయాలి. రోజుకు నాలుగైదు గంటల ఎండ తగలకపోతే ఆకులు పచ్చగా సాగి, జిగురు తగ్గుతుంది. మట్టిపై పచ్చని పాకుడు పెరిగితే మొలకలను కప్పివేస్తుంది. గాలి ఆడనివ్వడమే దానికి మందు.

ఆహారం, స్పర్శకాల కదలిక

ఆరుబయట ఉంచిన మొక్క తన ఆహారం తానే పట్టుకుంటుంది. గదిలో పెరిగే మొలకలకు రెండు వారాలకొకసారి, చేపలకు వేసే పొడి మేతను నలిపి, తడి అగ్గిపుల్ల కొసతో ఒక రేణువును ఆకుపై ఉంచవచ్చు. మాంసం ముక్క, పాలు, అన్నం పెడితే ఆకు కుళ్లిపోతుంది. వేళ్ల వద్ద ఎరువు ఎప్పుడూ వేయరాదు.

ఛార్లెస్ డార్విన్ 1860లో ఇంగ్లండులోని ససెక్స్ ప్రాంతంలో రోటండిఫోలియా ఆకులకు అంటుకున్న కీటకాలను చూసి ఆశ్చర్యపోయి, ఏళ్ల తరబడి పరిశోధించి 1875లో కీటకాహార మొక్కలపై గ్రంథం ప్రచురించాడు. అత్యంత సూక్ష్మమైన వెంట్రుక ముక్క తగిలినా స్పర్శకం వంగుతుందని, వాన చినుకులు ఎన్ని పడినా వంగదని ఆయన గమనించాడు. ఆహారం పెట్టడం వలన మొక్కకు నిజంగా లాభం ఉందా అన్న సందేహాన్ని తీర్చినవాడు ఆయన కుమారుడు ఫ్రాన్సిస్ డార్విన్. కొన్ని మొక్కలకు వేయించిన మాంసపు నలుసులు పెట్టి, కొన్నింటిని పస్తులుంచి, పస్తులున్నవాటి కంటే తిన్నవి రెండింతలకు పైగా విత్తనాలు ఇచ్చాయని 1878లో ప్రకటించాడు. మరుసటి ఏడు విత్తనం కోరేవారు గుర్తుంచుకోదగిన ఫలితం ఇది. రోటండిఫోలియా స్పర్శకాలు వంగడానికి నిమిషాలు, ఒక్కోసారి గంటలు పడుతుంది. బర్మాని అంచు స్పర్శకాలు కొన్ని సెకన్లలోనే లోపలికి వంగుతాయి. పిల్లలు వినోదం కోసం పుల్లతో పదేపదే తాకితే మొక్క ఊరికే శక్తిని పోగొట్టుకుంటుంది.

ఒక అపోహ, ఒక హెచ్చరిక

డ్రోసిరా ఇంట్లో ఉంటే దోమలు ఉండవని కొందరు అమ్మకందారులు చెబుతారు. ఇది నిజం కాదు. రూపాయి బిళ్లంత మొక్క వారానికి కొన్ని చిన్న కీటకాలను పడుతుంది, అంతే. పైగా కుండీ క్రింది పళ్లెంలో నిలిచిన శుభ్రమైన నీరు డెంగీ దోమ గ్రుడ్లు పెట్టడానికి అనువైనది. గ్రుడ్డు నుండి దోమ రావడానికి సుమారు వారం పది రోజులు పడుతుంది. కనుక మూడు నాలుగు రోజులకొకసారి పళ్లెంలో నీరు పారబోసి, అంచులు రుద్ది కడిగి, కొత్త నీరు పోయాలి. నిలవ చేసిన క్యానుకు మూత బిగించి ఉంచాలి.

పూత, వేసవి

సరిగా పెరిగిన బర్మాని మూడు నాలుగు నెలలలో పూస్తుంది. పూలు ఉదయం కొద్ది గంటలు మాత్రమే విచ్చుకుంటాయి. ఆత్మపరాగ సంపర్కం జరుగుతుంది కనుక ఒక్క మొక్క ఉన్నా విత్తనం వస్తుంది. ఫిబ్రవరి, మార్చి నెలలలో గాలి పొడిబారగానే ఆకులపై జిగురు తగ్గి మొక్క క్రమంగా వాడుతుంది. ఇది రోగం కాదు, ఆ మొక్క ఆయుష్షు అంతే. అప్పుడు నీరు ఎక్కువ పోసి బ్రతికించాలని చూడడం వృథా. కాయలు గోధుమ రంగుకు తిరిగి పగలక ముందే కాగితంలోకి విత్తనం దులుపుకోవాలి. కుండీని పారవేయక నీడలో ఎండనిచ్చి, జూన్‌లో మళ్లీ వాన నీటి పళ్లెంలో ఉంచితే, దులిపేటప్పుడు జారి మట్టిలో పడిన విత్తనాలు చాలావరకు వాటంతట అవే మొలుస్తాయి.