‘జాదూ’ పుట్టినిల్లు

సుల్తాన్ బజారులో చీరెల మడతలు విప్పు దుకాణదారు, అంచు నొకమారు వెలుతురున కెత్తిపట్టి, “చూడమ్మా, రంగు గాదిది, జాదూ!” అన్నచో, ఆ మాటకు అర్థమేమని అడుగు తెలుగు ఆడపడుచు హైదరాబాదున నుండదు. 1933లో తిరిగి నిజాము ప్రభుత్వము వశమగువరకు రెసిడెన్సీ బజారుగా పిలువబడిన ఈ పేటలోనే, 1901 సెప్టెంబరు 1న, రావిచెట్టు రంగారావుగారి యింట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. ఉర్దూ రాజభాషగా నున్న నగరమున తెలుగునకు నీడ గల్పించిన ఆ గ్రంథాలయము గడప దిగినంతనే వినవచ్చు ‘జాదూ’ను మనము పరాయి మాటగా నెంచుచున్నాము. అది సగము మాత్రమే నిజము.

పారసీకమునుండి ఉర్దూలోనికి వచ్చిన ఈ పదమునకు మూలము ప్రాచీన ఇరానీయుల అవెస్తాలోని ‘యాతు’. మన ఋగ్వేదమునను అదే శబ్దము క్షుద్రవిద్య యను అర్థమున కలదు. రాక్షసులకు ‘యాతుధానులు’ అను పేరు దానినుండియే వచ్చినది. ఏడవ మండలమున, తన్ను యాతుధానుడని నిందించినవానిపై మండిపడి, తాను నిజముగ నట్టివాడనైనచో నేడే మరణింతునుగాక యని ఋషి శపథము చేయుట చూడగా, ఆ కాలమున ఆ మాట ఎంత కఠోరమైన తిట్టో తెలియును. అట్టి తిట్టు చీర రంగునకు పొగడ్త యగుటకు మూడువేల యేండ్లు పట్టినది! మన పిల్లలు పలుకు ‘మేజిక్’ సైతము, ఇరాను పురోహితులగు ‘మగుష్’ల పేరును గ్రీకులు తమ భాషలోనికి మార్చుకొనగా బయలుదేరినదే.

అచ్చ తెలుగని తోచు ‘గారడి’యు సంస్కృతజన్యమే. గరుడునకు సంబంధించినది గారుడము, అనగా పాముకాటునకు వేయు విషహరమంత్రము. కాలక్రమమున వైద్యము పోయి వేడుక మిగిలినది.

ఇక ఇంద్రజాలము దర్జాగల మాట. అథర్వవేదమున అది శత్రుసేనలను చుట్టివేయు ఇంద్రుని వల. వాత్స్యాయనుని కాలమునకు చతుష్షష్టి కళలలో నొకటి. 15వ శతాబ్దమున కొరవి గోపరాజు సింహాసన ద్వాత్రింశికలో వర్ణించిన ఐంద్రజాలికుడు, భార్యను విక్రమార్కుని రక్షణలో నుంచి, దేవతల పక్షమున పోరుటకు ఆకాశమున కెగసిపోవును. కొంతసేపటికి తెగిన అవయవములు నేల రాలును. ఆ యిల్లాలు చితి ప్రవేశించును. అంతలో వీరుడు చెక్కుచెదరక దిగివచ్చి తన భార్య నిమ్మనును. ఆ క్షణమున రాజు పాటు చదివి తీరవలసినదే గాని చెప్ప నలవి గాదు.

మిగిలినది కనికట్టు, కన్నును కట్టివేయుట. హైదరాబాదున ఇంద్రజాలికులుగను మనస్తత్వనిపుణులుగను పేరొంది 2025లో దివంగతులైన బి.వి. పట్టాభిరాంగారు ఆ రెండు విద్యలను చేపట్టుట యాదృచ్ఛికమని నే ననుకొనను. ప్రేక్షకుని చూపు ఒక చేతిపై నిలిచియుండగా రెండవ చేయి పని ముగించుటయే గదా ఇందలి కిటుకు! దేవతను, మంత్రమును అడ్డుపెట్టుకొనక ఆ కిటుకును పేరులోనే ఒప్పుకొన్న మాట కనికట్టు ఒక్కటే; నన్నడిగినచో, వీని అన్నిటిలో నా ఓటు దానికే.